మిగిలిన ఒక్క ప్రతి

పట్టా అందుకున్న మీకు, మీ ఫీజుల కోసం ఇన్నేళ్లు పైసా పైసా కూడబెట్టిన అమ్మానాన్నలకు నా మనఃపూర్వక అభినందనలు.

ఈ ఎడ్మంటన్‌లోనే, ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో, 1959 నుంచి 1983 దాకా సామాజికశాస్త్రం బోధించిన గోర్డన్ హిరబయాషి గురించి ఇవాళ మీకు చెప్పాలి. 1942లో ఆయన సియాటిల్‌లో విద్యార్థి. జపాన్‌తో యుద్ధం జరుగుతోందని, జపాన్ సంతతివాళ్లు రాత్రి 8 దాటాక గడప దాటకూడదన్న ఉత్తర్వుకు తలవంచలేదు. జైల్లో పెట్టారు. 1943లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఆయనదే నేరమంది.

ఇటు కెనడాలోనూ అదే అన్యాయం. పసిఫిక్ తీరం నుంచి జపాన్ సంతతివాళ్లను సుమారు 22,000 మందిని వెళ్లగొట్టారు. చాలామంది ఇక్కడే పుట్టినవాళ్లు. వాళ్ల ఇళ్లు, పొలాలు, చివరికి కుట్టుమిషన్లు కూడా జాగ్రత్తగా కాపాడతామని తీసుకున్న ప్రభుత్వమే, 1943 జనవరి ఉత్తర్వుతో, సొంతదారును అడగకుండా అమ్మేసింది. వచ్చిన డబ్బును వాళ్ల నిర్బంధం ఖర్చుకే జమకట్టింది. వేలమంది మన లెత్‌బ్రిడ్జ్ చుట్టుపక్కల షుగర్ బీట్ పొలాల్లో కూలికి వంగారు. తీరానికి తిరిగి రానిచ్చింది 1949లో.

నాజీలు యూదులకు చేసిన ఘోరానికి పశ్చిమ జర్మనీ 1952లో పరిహారం ఒప్పుకుంది. కెనడా తన జపాన్ సంతతివాళ్లకు క్షమాపణ చెప్పడానికి 1988 సెప్టెంబరు 22 దాకా పట్టింది. బతికున్న ఒక్కొక్కరికీ 21,000 డాలర్లు ఇచ్చారు. అమ్ముడుపోయిన ఇల్లు మాత్రం తిరిగి రాలేదు.

మనకిది పరాయి కథ కాదు. ఆ 1942లోనే, అదే యుద్ధం తరిమితే, బర్మా నుంచి మన తెలుగువాళ్లు కాలినడకన వచ్చారు. 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేస్తే మరెందరో కట్టుబట్టలతో ఓడ దిగారు. విశాఖ కంచరపాలెంలో ‘బర్మా క్యాంప్’ అన్న పేరు ఇప్పటికీ ఉంది.

హిరబయాషికి న్యాయం ఎలా దొరికింది? అమెరికా పశ్చిమ తీరం నుంచి జపాన్ సంతతివాళ్లను ఖాళీ చేయించిన సైన్యాధికారి నివేదిక తొలి ప్రతిలో అసలు ఉద్దేశం ఉంది. విద్రోహి ఎవరో తేల్చే వ్యవధి లేక కాదు, ఎంత వ్యవధి ఉన్నా వీళ్లను నమ్మలేమన్నదే అందులోని మాట. దాన్ని మార్చి, పాత ప్రతులను తగలబెట్టారు. ఒక్కటి మిగిలింది. ఆ రోజుల్లో తానూ నిర్బంధ శిబిరంలో బతికిన ఐకో హెర్జిగ్-యోషినాగా దాన్ని పాత దస్త్రాల్లో పట్టుకున్నారు. దాని ఆధారంతో 1987లో హిరబయాషి శిక్షలు పూర్తిగా రద్దయ్యాయి. 2012లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు, నిర్దోషిగా.

రేపటి నుంచి మీ చేతికీ దస్త్రాలు వస్తాయి: ఆసుపత్రివి, బ్యాంకువి, ప్రభుత్వానివి. నిజాన్ని దిద్దమంటే దిద్దకండి, చెరపమంటే చెరపకండి. పోగొట్టుకున్నవాళ్లు నలభై ఏళ్ల తర్వాతైనా వచ్చి అడుగుతారు. ఆ రోజు చూపించడానికి ఒక్క ప్రతి ఉండాలి. దాన్ని దాచిన చెయ్యి మీదవ్వాలని దీవిస్తున్నాను.