తన పుస్తకము తానే అచ్చు వేయించుకొను రచయితకు సభల వలన లాభమేమి?

కామారెడ్డి నుండి సిరిసిల్లకు పోవు దారి మీద మాచారెడ్డి ఉన్నది. ఆ మండలములోని ఒక పల్లెకు, పల్లెపాటలు ధ్వనిముద్రణ చేయు పని మీద మేము పోయినప్పుడు, విశ్రాంత ఉపాధ్యాయులొకరు మమ్ము ఆదరముతో తమ ఇంటికి తీసికొని పోయినారు. చాయ త్రాగుట ముగిసిన పిమ్మట ఆయన మంచము క్రిందికి వంగి ఒక అట్టపెట్టెను ముందుకు లాగినారు. అందులో ఆయన రచించిన శతకము ప్రతులున్నవి. అటువంటి పెట్టెలు ఇంకను మూడు లోపల ఉన్నవి.

ఉద్యోగ విరమణ నాడు చేతికి వచ్చిన సొమ్ములో కొంత తీసి ఆయన 500 ప్రతులు అచ్చు వేయించినారు. నాలుగేండ్లు గడచినవి. నూటికి పైగా మిత్రులకు, బంధువులకు పంచినారు. అమ్మినవి పదునొకండు.

"అచ్చు అయ్యేదాక అందరున్నరు సార్! అయినంక నేను, ఈ పెట్టెలే మిగిలినం" అని ఆయన నవ్వినారు. పక్కన నిలుచున్న ఇంటి ఇల్లాలు నవ్వలేదు.

మేమును నవ్వలేకపోయితిమి. మా యింటి అటక మీద మా నాటికల సంపుటి ప్రతులు నేటికిని ఉన్నవి. యౌవనమున అచ్చు వేయించినవి. 500 కంటె 1000 వేయించినచో ఒక్కొక్క ప్రతికి ఖర్చు తగ్గునని అచ్చువారు చెప్పగా, ఆ లెక్క నిజమే గదా యని సంతోషించి వేయి ప్రతులు వేయించితిమి. ప్రతి ఖర్చు తగ్గిన మాట వాస్తవమే. కొనువారు వేయిమంది ఉన్నారా యని మాత్రము మేము ఎవ్వరిని అడుగలేదు. అడుగుటకు ఎక్కడికి పోవలెనో కూడ మాకు నాడు తెలియదు. ఆ విషయమే నేడు శ్రోతలతో ముచ్చటింప దలచితిమి.

పూర్వము కవికి రాజాశ్రయ ముండెడిది. మాచారెడ్డికి చేరువనే ఉన్న దోమకొండను ఏలిన కామినేని వంశమున మల్లారెడ్డి వంటి వారు స్వయముగ కవులు. షట్చక్రవర్తి చరిత్రము ఆయన రచనయే. అట్టి ఆస్థానములలో కావ్యము వినుటకు విద్వాంసులుండిరి, లోపమెన్నుటకు తోటి కవులుండిరి. ఆ పిమ్మట ముద్రణాలయములు, ప్రచురణ సంస్థలు వచ్చినవి. నేడు తెలుగున వెలువడు కవితా సంపుటములలో, కథా సంపుటములలో అనేకములు రచయితలు స్వంత ధనముతో అచ్చు వేయించుకొన్నవే. ఇందులో చిన్నతనమేమియు లేదు. కాని ఒక చిక్కు కలదు. ప్రచురణకర్త లేనప్పుడు ఆయన పని లేకుండ పోదు. అది వచ్చి రచయిత భుజము మీద పడును. వ్రాయుట ఒక పని, అచ్చు వేయించుట రెండవ పని, పాఠకునికి చేర్చుట మూడవ పని. మొదటిది ఏకాంతమున నేర్చుకొనవచ్చును. తక్కిన రెండును నలుగురిలో తిరిగినగాని పట్టుబడవు. సాహిత్య సభలు, పుస్తక ప్రదర్శనలు, ప్రచురణకర్తల సమావేశములు ఈ రెండు పనులకు పాఠశాలల వంటివి.

ఈ మాటకు మన ప్రాంతముననే ఒక గొప్ప ఉదాహరణ మున్నది. వట్టికోట ఆళ్వారుస్వామి హోటలులో పనిచేసినారు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దినారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించినారు. పుస్తకములను తామే మోసికొని ఊరూర తిరిగి విక్రయించినారు. ఆంధ్ర మహాసభ కార్యకర్తగా ప్రజలలో మెలగినారు. ఆయన రచించిన 'ప్రజల మనిషి' నవలకు కథాస్థలము నిజామాబాదు ప్రాంతపు పల్లెయే. అక్షర దోషమెట్లు దొర్లునో, పుస్తకమును చేతికిచ్చినప్పుడు పల్లెటూరి పాఠకుడు ఏమి అడుగునో ఆయన ఎరుగుదురు. 1948లో నిజామాబాదు కారాగారమున ఆయనకు దాశరథి కృష్ణమాచార్యులతో సహవాస మేర్పడినది. మరు సంవత్సరము వెలువడిన 'అగ్నిధార'ను దాశరథి ఆయనకే అంకితమిచ్చినారు. ఒక కవికి మరియొక సాహితీబంధువు తోడు దొరకుట ఎంత విలువ గలదో దీనివలన తెలియును.

మరియొక ఉదాహరణము. 1943లో హైదరాబాదున వెలసిన ఆంధ్ర సారస్వత పరిషత్తు 1953లో తుంగభద్రా తీరమందలి ఆలంపురమున సభలు జరిపినది. కాళోజీ నారాయణరావు 'నా గొడవ' సంపుటిని శ్రీశ్రీ ఆ సభలయందే ఆవిష్కరించినారు. అప్పటికి తెలుగువారు ఒకే రాష్ట్రమున లేరు. ఓరుగల్లు ప్రాంతపు కవి కవితలను విశాఖపట్టణమున పుట్టిన కవి నలుగురి యెదుట నిలిపినాడు. ఆ సభకు పోని యెడల 'నా గొడవ' ఆగిపోయెడిదని మేము అనము. కాని దూరదూరముల వారు ఒక పందిరి క్రిందికి వచ్చినందున ఆ పుస్తకపు మాట అనేక ప్రాంతములకు ఒక్కసారి చేరినది.

నేడు హైదరాబాదులో సాధారణముగ డిసెంబరు మాసమునను, విజయవాడలో జనవరి మొదటి దినములలోను పెద్ద పుస్తక ప్రదర్శనలు జరుగుచున్నవి. జిల్లా కేంద్రములలో రచయితల సంఘముల సభలును జరుగుచుండును. అక్కడికి పోయిన రచయిత ఏమి సంపాదించుకొని రాగలడో కొంత వివరింతుము.

మొదటిది, పాఠకుని చేయి. ఒక దుకాణము ప్రక్కన ఒక గంట ఊరక నిలుచుండి చూడుడు. పాఠకుడు పుస్తకము పేరు చదువును, అట్ట త్రిప్పి వెనుక చూచును, వెల చూచును, నడుమ ఒక పుట తెరచి నాలుగు పంక్తులు చదివి, కొనుటయో తిరిగి పెట్టుటయో చేయును. రచయిత పది పుటల ముందుమాటలు వ్రాయించుకొని ఉండవచ్చును. ఆ గంటలో వానిని చదివినవాడు కనబడడు. ఈ ఒక్క గంట చూపు మాకు ఆనాడు దొరికి యుండినచో మా సంపుటిలో ముందుమాటలు నాలుగు తగ్గి, అక్షరములు కొంత పెద్దవిగా ఉండెడివి.

రెండవది, అచ్చు పనిలోని మెలకువలు. సామాన్యముగ పుస్తకము 16 పుటల ఫారముల లెక్కన అచ్చగును. 128 పుటలకు ఎనిమిది ఫారములు సరిగా సరిపోవును. 130 పుటలైనచో ఆ రెండు పుటల కొరకు అదనపు కాగితము, అదనపు పని పడును. రెండు పుటలు కుదించిన ఆ ఖర్చు తప్పునని చెప్పువారు సభలోని తోటి రచయితలే. నేడు 50 లేక 100 ప్రతులు మాత్రమే వేయించుకొను సౌకర్యమును వచ్చినది. ప్రతి ఖర్చు కొంత హెచ్చైనను పెట్టెలు మంచము క్రింద చేరవు. మొదట కొలదిగా వేయించి, అడుగువారున్న పిమ్మట మరల వేయించుట వివేకము.

మూడవది, నియమముల తెలివిడి. పుస్తకమునకు ప్రపంచమంతట గుర్తింపు నిచ్చు ఐ.ఎస్.బి.ఎన్. అను పదమూడంకెల సంఖ్యను మన దేశమున రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ రుసుము లేకుండ ఇచ్చుచున్నది. రచయిత తానే దరఖాస్తు చేసికొనవచ్చును. 1954 నాటి చట్టము ననుసరించి, ప్రచురించినవారు పుస్తకము వెలువడిన 30 దినములలో కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును, మరి మూడు గ్రంథాలయములకును తమ ఖర్చుతో ఒక్కొక్క ప్రతి పంపవలెను. తానే ప్రచురించుకొన్న రచయితకును ఈ బాధ్యత కలదు. దీనిని భారమని తలపరాదు. మాచారెడ్డిలో వ్రాసిన శతకము కలకత్తా భాండాగారమున భద్రముగ ఉండుటకు ఇది మార్గము. 1957 నాటి చట్టము ప్రకారము రచయిత హక్కు ఆయన జీవితకాలమును, ఆ పిమ్మట 60 సంవత్సరములును ఉండును. అచ్చు కూలి ఇచ్చినంత మాత్రమున ఆ హక్కు అచ్చువానికి పోదు. కాని చదువక చేవ్రాలు చేసిన కాగితము వలన పోవచ్చును. అనుభవించినవారు ఈ సంగతిని సభ మెట్ల మీద కూర్చుండి చెప్పుదురు.

నాలుగవది, విక్రయపు లెక్కలు. దుకాణదారునకు కమీషను ఎంత, అమ్ముడుపోని ప్రతులు తిరిగి ఎప్పుడిచ్చును, రసీదు వ్రాసి యిచ్చునా, ఈ మూడును ముందుగ అడుగవలెను. వెలలో సగము వరకు కమీషనుగా పోవుటయు కలదు. ఆ సంగతి తెలియక వెల నిర్ణయించినవాడు అమ్మిన ప్రతి మీద గూడ నష్టపడును.

అయిదవది, స్నేహము. సభలో మన వంటి పెట్టెలు గలవారు పలువురు కనబడుదురు. వారిలో ఒకరు మన వ్రాతప్రతిని అచ్చుకు ముందు చదివి లోపములు చెప్పగలరు. వారి ఊరి గ్రంథాలయమునకు మన పుస్తకము, మన ఊరి గ్రంథాలయమునకు వారి పుస్తకము చేరగలదు.

ఇక్కడ ఒక హెచ్చరికయు అవసరము. సభలన్నియు ఒక్క తీరుగ ఉండవు. పాల్గొనుటకు రుసుము, శాలువకు రుసుము, బిరుదునకు రుసుము అడుగు సభలును ఉన్నవి. ఆ శాలువ ఇంటికి వచ్చును గాని పాఠకుడు రాడు. వేదిక మీద ఎవరున్నారని గాక, వేదిక దిగువన ఎవరు వత్తురని విచారించి పోవలెను. పోయిన తరువాత మన పద్యములు చదువుటకు తొందరపడక, మొదటి దినమంతయు వినుట మేలు. పది ప్రతులు, ఒక చిన్న నోటు పుస్తకము, పుస్తకమేమి చెప్పునో ఒక్క వాక్యములో చెప్పగల సిద్ధత, ఇంతమాత్రము చాలును. పరిచయమైన వారికి వారము లోపల ఒక ఉత్తరమో, ఫోనులో నాలుగు మాటలో పంపవలెను. లేకున్న పరిచయము బస్సు దిగినంతనే ముగియును.

ఈ సంగతులు మాచారెడ్డి ఉపాధ్యాయుల వారికి ఆనాడు చెప్పి వచ్చితిమి. ఆయన ఆ సంవత్సరము హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు పోయినారు. కామారెడ్డిలో రైలెక్కి, ఇరువది ప్రతులు సంచిలో పెట్టుకొని పోయి, తెలిసినవారి దుకాణములో బల్ల చివర ఇంత చోటు సంపాదించుకొని మూడు దినములు కూర్చున్నారు. తొమ్మిది ప్రతులు అమ్ముడుపోయినవి. రానుపోను ఖర్చులకు అది చాలలేదు.

కాని రెండవనాడు ఒక యువకుడు అట్ట మీద మాచారెడ్డి పేరు చూచి ఆగినాడట. "సారూ, మాది గూడ గా దిక్కే. నాయిన దుబాయిల ఉంటడు. మన ఊరి మాటలు, చెర్ల పేర్లు, సామెతలు గిట్ల ఏమన్న రాసిండ్రా? ఫోన్ల సదివి ఇనిపిస్త" అని అడిగినాడట. శతకమున అవి లేవు. గ్రాంథిక భాషలో, ఛందస్సులో పెద్దలు మెచ్చవలెనని ఆయన ఊరి మాటలను ఏరి పక్కన బెట్టినారు. మరునాడును ఇద్దరు ముగ్గురు అదే విధముగ అడిగినారు.

ఆయన వద్ద అవి లేకపోలేదు. నలుబది సంవత్సరముల ఉద్యోగములో బడి పిల్లల నోట, వారి తాతల నోట విన్న సామెతలు, చెలకల పేర్లు, చెరువుల పేర్లు, బీడీలు చుట్టుచు ఆడవారు చెప్పుకొను కథలు పదునాలుగు నోటు పుస్తకములలో వ్రాసి పెట్టినారు. "గవి పుస్తకం అయితయని నేను అనుకోలే సార్" అని ఈ మధ్య మాతో ఫోనులో అన్నారు. వానిని కొనుటకు మనుష్యులున్నారని ఆయనకు ఇంటిలో కూర్చుండగ తెలియలేదు; బల్ల చివర కూర్చుండగ తెలిసినది.

ఇప్పుడాయన ఆ నోటు పుస్తకములను సాపు చేయుచున్నారు. అక్కడ పరిచయమైన కథారచయిత ఒకరు చదివి పెట్టుటకు ఒప్పుకొన్నారు. పుటలు 128 దాటరాదని, ప్రతులు నూటికి మించరాదని ముందే నిశ్చయించుకొన్నారు. ఇల్లాలు గూడ తనకు తెలిసిన సామెతలు చెప్పి వ్రాయించుచున్నదని వినుట మాకు మిక్కిలి సంతోషము కలిగించినది. పాత పెట్టెలు నాలుగును మంచము క్రిందనే ఉన్నవి.

పుస్తకము అచ్చు వేయింప దలచిన మిత్రులు మన శ్రోతలలో పలువురు ఉందురు. మా అనుభవమును బట్టి వారికి మేము చెప్పునది ఇంతే. అచ్చువారికి బయానా ఇచ్చుటకు ముందు, ఆ సొమ్ములో నుండి బస్సు ఖర్చులకు కొంత తీసి, ఒక సభకో ప్రదర్శనకో పోయి రండి. వ్రాతప్రతిని తీసికొని పొండు. తిరిగి వచ్చిన పిమ్మట దానిని మరల ఒకసారి చదువుడు. అప్పుడును అదే విధముగ అచ్చు వేయింప బుద్ధి పుట్టినచో నిస్సందేహముగ వేయింపుడు.