చలికాలంలో పెరటి అరటి

నిజామాబాదు చలికి అరటి ఆకులు పసుపుబారితే చెట్టు చచ్చిందని నరకకండి. ఒక పుష్యమాసంలో నేనా పొరపాటు చేశాను. బోదె కోసేసరికి లోపల తెల్లని పసిగెల కనిపించింది. ఆ పూట మా ఇంటావిడ అన్నం ముట్టలేదు.

అరటి ప్రాణం నేలలోని దుంపలో ఉంటుంది. ఉష్ణోగ్రత 16 డిగ్రీల లోపుకు దిగితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. గెల మొవ్వులోనే ఇరుక్కుంటుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడినా ఆ వైపు చెరకు ఉంది. ఎండు చెరకు ఆకు తెచ్చి మొదట్లో జానెడు మందాన పరవండి. ఉత్తరపు గాలికి చాటు కట్టండి. నీరు నిలవనీయకండి.

శివరాత్రి దాటాక మొవ్వు కదలకపోతేనే కత్తి తీయండి. నేను నరికిన దుంప కూడా పిలక వేసింది. దాని గెల మా ఇంటావిడే కోసింది.