స్త్రీల ఉదరవ్యాధులు - ఔషధముల లెక్క



పండ్రెండవ శతాబ్దమున గురజాల కొలువునందు నాయకురాలు నాగమ్మ మంత్రిణియై రాజ్యతంత్రము నడపినది. అట్టి పల్నాటియందు నేటికిని పలువురు స్త్రీలు పొత్తికడుపున నొప్పి యున్నదని ఇంటివారితోనైనను చెప్పుటకు సంకోచింతురు. మిరపకోతలు ముగిసిన పిదప చూచుకొందమనుకొందురు. వ్యాధి కోతలకై ఆగదు.

గర్భాశయమునకును, అండవాహికలకును సూక్ష్మజీవులు సోకినచో పొత్తికడుపున నొప్పి, జ్వరము, దుర్గంధముతో కూడిన తెల్లబట్ట కన్పట్టును. ఉపేక్షించినచో నాళములు పూడి సంతానము కలుగకపోవచ్చును. ఆ నిందను సైతము ఆ యిల్లాలే మోయవలసివచ్చును.

ఇట్టి వ్యాధులకు నేడు మంచి మందులు కలవు. వానిలో నొక కుటుంబమునకు మన తెలుగువారితో సంబంధము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా నుండగా, అచటనే డగ్గర్ పండితుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను ఔషధమును సాధించెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ యేటనే సుబ్బారావుగారు దివంగతులైరి. ఆ కుటుంబములోనిదే యైన డాక్సీసైక్లిన్ నేటికిని స్త్రీల పొత్తికడుపు వ్యాధికి వాడుకయందున్నది. గర్భిణులకు మాత్రము సాధారణముగా దీని నీయరు.

అయితే ఒక్క మందు చాలదు. ఉదరమున గాలి సోకినచోట పెరుగు జీవులును, గాలి సోకనిచోటనే పెరుగు జీవులును కలసియుండును. ఈ రెండవ జాతిని మెట్రోనిడజోల్ అణచును. అందుచే వైద్యులు రెండు మూడు మందులను కలిపి ఇత్తురు.

ఇక దినముల లెక్క. పొత్తికడుపు వ్యాధికి సాధారణముగా 14 దినములు మందు వాడవలెను. సంపర్కముచే వచ్చిన వ్యాధియైనచో భర్తకును చికిత్స జరుగవలెను. లేనిచో అది మరల సోకును. జనులు ఇరవైనాలుగు గంటల నొప్పి యని పిలుచు వ్యాధిలో పేగు చివర పగిలి కడుపున చీము పట్టినచో మందు మాత్రమే చాలదు, చీమును తీసివేయవలెను. చక్కగా తీసిన పిదప నాలుగైదు దినముల మందే చాలునని 2015లో వెలువడిన పరిశోధన తెలిపినది. కావున లెక్క వైద్యునిదే; తగ్గించుటయు, పెంచుటయు మనకు తగదు. నొప్పి తగ్గినదని నడుమ మానుటయు, దుకాణమున నాలుగు మాత్రలు కొని మ్రింగుటయు హానికరములు. ఇష్టము వచ్చినట్లు వాడిన మందులకు సూక్ష్మజీవులు లొంగకపోవును.

నొప్పితోపాటు జ్వరము, వాంతులు, కడుపు బిగిసిపోవుట యున్నచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి కొనిపోవలెను. ఇంటి పెద్దలు కోడండ్రను, కూతుండ్రను తామే ముందుగా అడుగవలెను. అడిగెడు ఇంట చెప్పుట సులభమగును.