తెలుగు చదువుకు పంపు ముందు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

మన ఏళాయిరంపన్నై ఇండ్లలో తెలుగు మాట ఉన్నది, అక్షరము లేదు. అందుకే బిడ్డలను తెలుగు చదువుకు పై ఊరికి పంపవలెనని మనము తలచుచున్నాము.

కుప్పములో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. అక్కడ తెలుగు శాఖ ఉన్నది. జోలార్‌పేట నుండి బెంగుళూరు పోవు మార్గములోనే ఆ ఊరున్నదని మావంటి రైల్వేవారికి తెలిసినదే. టిక్కెట్టు కొనుట సులభము. అంతకు ముందటి ఏర్పాట్లే ముఖ్యము.

మొదటిది, ఒక యేడు ముందే ఇంట ఓనమాలు దిద్దించవలెను. అక్షరము రాని బిడ్డ నెలలోనే తిరుగు రైలెక్కును. రెండవది, అక్కడివారు మన యాసకు నవ్వవచ్చును; సిగ్గుపడి నోరు మూసికొనరాదని ముందే చెప్పవలెను. మూడవది, అవ్వల నోటి మాటలను నోటుపుస్తకములో వ్రాసి వెంట పంపవలెను.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తెలుగింటి బిడ్డయే. ఈ నల్లరేగడి సీమ వాడుకమాటలకు ఆయన తమిళములో నిఘంటువు కూర్చిరి. మన తెలుగు మాటలకు ఆ పని చేయువారు మన బిడ్డలలోనుండియే రావలెను.

ఇక ఒక్క మాట. బిడ్డ అక్కడినుండి తెలుగులో జాబు వ్రాసిన నాడు, దానిని చదువువారు ఇంట ఒకరైనను ఉండవలదా? మనమును నేర్చుకొందము.