బీచ్‌రోడ్డు స్మారకం, మన బళ్లో ఒక పేరు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు పది నిమిషాలిచ్చారు. చిన్ననాటి అల్లరి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు వెనక వరసలో ఉన్నారు. అప్పుడూ వాళ్లు అక్కడే కూర్చునేవారు. నేను బీచ్‌రోడ్డు సంగతి చెబుతాను.

1971 డిసెంబరు 3 సాయంత్రం యుద్ధం మొదలైంది. నేను ఏడో తరగతి. మా ఇంట్లో దీపాలార్పేసి, ఒక్క లాంతరుకి గుడ్డ చుట్టి పెట్టారు. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు. కిటికీ అద్దాలు గడగడలాడాయి. మా అమ్మ నన్నూ చెల్లినీ మంచం కిందకి తోసేసింది. అదేమిటో కొన్నాళ్ల తర్వాత గాని తెలియలేదు. విక్రాంత్ నౌక కోసం వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన హార్బరు ముందే మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికే అండమాన్లో ఉంది. నీళ్ల మీద తేలిన సామాను మన జాలర్ల కంటపడింది. మనవాళ్ల దాడికే మునిగిందని మనం, లోపలి పేలుడని వాళ్లు, ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాం. అందులో 90 మందికి పైగా ఉన్నారు. వాళ్లూ ఏ తల్లి బిడ్డలో. మనం సాయంత్రం పూట బఠాణీలు తింటూ చూసే ఆ నీళ్లలోనే ఉన్నారు.

ఆ యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో ఆర్కే బీచ్‌లో 'విక్టరీ ఎట్ సీ' కట్టారు. ఏటా డిసెంబరు 4న తూర్పు నౌకాదళం పెద్దలు అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. ఆ యుద్ధంలో గెలుపు ఒక్కటే కాదు, డిసెంబరు 9న అరేబియా సముద్రంలో ఖుక్రీ మునిగి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా ఓడ వదలలేదు.

ఇక మన బడి సంగతి. జెండా కర్ర దగ్గర ఒక రాయి పెట్టి, సైన్యంలో పోయిన మనవాళ్ల పేర్లు చెక్కించాలని కమిటీ అనుకుంది. మా క్లాసువాడొకడు ఆర్మీలో డ్రైవరు. ఎనభైల్లో అరుణాచల్ కొండల్లో రోడ్డు కుంగి, లారీతో సహా లోయలో పడి పోయాడు. వాడి పేరు రాగానే మీటింగులో ఒకరు, "యుద్ధంలో పోలేదు కదా, ఎలా రాస్తాం?" అన్నారు. దాని మీద రెండు గంటలు వాదన జరిగింది. ఆ అన్న మనిషిని నేనే. చాలామందికి తెలుసు, తెలియనివాళ్లకి ఇప్పుడు చెబుతున్నాను.

నాకు రూలు ముఖ్యమనిపించింది. ముప్పై ఏళ్లు ఆడిట్‌లో పనిచేసినవాడిని, ఆ జబ్బు అంత తొందరగా పోదు. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా పేర్లున్నాయి, దానికీ ఒక లెక్కుంది కదా అని వాదించాను. కానీ అది దేశం లెక్క. మన రిజిస్టరులో ఉన్నవాడికి మన లెక్క వేరే ఉండొచ్చని నాకు తట్టలేదు.

తర్వాత వివరాల కోసం వాళ్ల అప్ప దగ్గరికి వెళ్లాల్సిన పని నాకే పడింది. ఎనభై దాటిన మనిషి. మా వాదన సంగతి ఎలా చెప్పాలో తెలియక నసుగుతూంటే, ఆవిడే అంది: "రాయిస్తే రాయించండి గానీ బాబూ, ఇంటిపేరు సరిగ్గా రాయించండి. టెలిగ్రాంలో తప్పు పడిపోనాది. వేరే ఎవరిదో అనుకుని మా అమ్మ ఒక పూటంతా ఏడవలేదు."

ఆ మర్నాడే హెడ్మాస్టరుగారి అనుమతితో పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించి చూశాను. మా నాన్నగారి సంతకం ఉన్న పేజీకి రెండు పేజీల అవతల వాడి పేరుంది. రాయి చెక్కే ఆయనకి ఆ పేజీ ఫోటో ఇచ్చాను, రెండుసార్లు వెళ్లి అక్షరాలు సరిచూశాను. అప్ప ఈ రోజు వచ్చారు, ముందు వరసలో కుర్చీలో ఉన్నారు. టీ అయ్యాక అందరూ జెండా కర్ర దగ్గరికి రండి. గుడ్డ తీసేది ఆవిడే.