లెక్కలేనన్ని అంటే ఎన్ని?

ఈ ఎపిసోడ్‌లో 'లెక్కలేనన్ని' అనే మాట గురించి మాట్లాడుకుందాం.

తలమీద వెంట్రుకలు లెక్కపెట్టలేం అంటాం. నిజానికి అవి సుమారు లక్ష ఉంటాయి, అంతే. ఓపికుంటే లెక్కపెట్టొచ్చు. అంటే వాడుకలో ఈ మాట వస్తువుల సంగతి కాదు, మన ఓపిక సంగతి చెబుతోంది. పాలది ఇంకో రకం. 'పాలు విరిగాయి' అని బహువచనంలోనే అంటాం గానీ 'నాలుగు పాలు తెచ్చాను' అనం. గ్లాసో, లీటరో ఉంటేనే లెక్క కుదురుతుంది.

గణితంలో ప్రశ్న వేరు. ఒక్కొక్కదానికీ 1, 2, 3 అని టోకెన్లు ఇచ్చుకుంటూ పోదాం. ఏదీ మిగిలిపోకుండా అన్నిటికీ ఎప్పుడో ఒకప్పుడు టోకెన్ అందుతుందా? అందితే అది లెక్కపెట్టదగినదే. వరసకి అంతం లేకపోయినా ఫరవాలేదు.

ఉదాహరణకి పూర్ణసంఖ్యలు. 0, 1, −1, 2, −2... ఇలా నిలబెడితే −500 కి 1001వ టోకెన్ వస్తుంది. ఎవరికీ అన్యాయం జరగదు.

మరి 0 కీ 1 కీ మధ్య ఉన్న దశాంశ సంఖ్యలన్నిటినీ ఇలా నిలబెట్టగలమా? లేమని జార్జ్ కాంటర్ 1874లో నిరూపించాడు. 1891లో ఇంకా తేలికైన పద్ధతి చూపించాడు. ఆ పద్ధతినే ఇలా చెప్పుకోవచ్చు. మీరు వరస తయారుచేశానన్నారనుకోండి. నేను ఒక కొత్త సంఖ్య రాస్తాను. మీ మొదటి సంఖ్యలో మొదటి అంకె, రెండోదాంట్లో రెండో అంకె, ఇలా చూస్తూ పోతాను. అక్కడ 5 ఉంటే 4 వేస్తాను, లేకపోతే 5 వేస్తాను. నా సంఖ్య మీ వరసలో ప్రతిదానితోనూ కనీసం ఒక్క అంకెలో తేడాగా ఉంటుంది. కాబట్టి దానికి టోకెన్ అందలేదు. మీరు వరస ఎలా మార్చినా ఇదే జరుగుతుంది.

దీనివల్ల మనకేంటి అంటారా? కంప్యూటర్ ప్రోగ్రాములన్నీ అక్షరాలతో రాసినవే కనుక, పొడవు ప్రకారం వరసలో పెట్టేయొచ్చు. అవి లెక్కపెట్టదగినవి. సంఖ్యలేమో కావు. అందుకే ఏ ప్రోగ్రామూ అంకెలు రాబట్టలేని సంఖ్యలు ఉన్నాయి. అలన్ ట్యూరింగ్ 1936లో రాసిన వ్యాసంలో ఈ విషయం ఉంది. యంత్రం ఎంత వేగంగా పనిచేసినా ఈ హద్దు జరగదు.

చివరగా మీకో పని. 1/2, 2/3 లాంటి ధన భిన్నాలన్నిటినీ వరసలో నిలబెట్టగలరా? లవాన్నీ హారాన్నీ కూడితే ఎంతొస్తుందో చూసి, ఆ ప్రకారం పేర్చి చూడండి. మళ్ళీ కలుద్దాం.