మేపేవాడు పెంచిన అడవి



ఈ సంస్మరణ సభలో మా మాస్టారి పాండిత్యం గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. నేనొక్క సంగతే చెబుతాను. ఆయన వనమహోత్సవం మనిషి. ఏటా వానాకాలం మొదట్లో మా చేత గుంతలు తవ్వించి మొక్కలు నాటించేవారు. చుట్టూ ముళ్లకంప వేయించి, గొర్రెల కాపర్లను చెరువు అవతలికి తరిమించేవారు. ఆ తరమడం దగ్గరే ఆయనకూ నాకూ తగాదా. అది ఆయన పోయేదాకా తెగలేదు. ఈరోజు మళ్లీ అదే ఎత్తుకుంటున్నాను. ఆయన ఇక్కడుంటే లేచి జవాబు చెప్పేవారు.

ఆ తగాదాలో నా సాక్ష్యం విక్టోరియా సరస్సుకు దక్షిణాన, టాంజానియాలో ఉన్న షిన్యాంగా.    

షిన్యాంగా గురించి ఒకటే కథ నడుస్తోంది. అక్కడి సుకుమా జనం మందలు పెంచుకుంటూ పోయారట, పశువులు అడవిని మేసేశాయట, సర్కారు వచ్చి కాపాడిందట. ఈ కథను నేను ఒప్పుకోను.

1890ల్లో రిండర్‌పెస్ట్ తెగులు తూర్పు ఆఫ్రికా పశువులను ఊడ్చేసింది. మందలు పోయాక మేపు ఆగింది, పొద పెరిగింది, పొదతోపాటు పశువులకూ మనుషులకూ రోగం తెచ్చే త్సెత్సె ఈగ పాకింది. జాన్ ఫోర్డ్ 1971లో, హెల్గె క్యెక్షుస్ 1977లో తమ గ్రంథాల్లో వాదించినది ఇదే: పొదనూ ఈగనూ అదుపులో పెట్టింది మనుషులూ మందలే. ఆ మందలు తెచ్చిన అదుపు పోయాక బ్రిటిష్ పాలకులు ఈగను చంపడానికి చెట్లు కొట్టించారు. స్విన్నర్టన్ అనే అధికారి షిన్యాంగాలోనే ఆ పని నడిపాడు. చదును చేసిన నేల మీదికి పత్తి వచ్చింది. 1947లో మొదలైన సుకుమాలాండ్ పథకం మళ్లీ పశువుల మీదే పడి, మందలు తగ్గించమంది. 1970ల్లో స్వతంత్ర టాంజానియా సర్కారు ఉజమా పేరిట, చెదురుగా ఉన్న ఇళ్లను ఊళ్లుగా కూర్చింది. ఇంటి పక్కనున్న ఎన్‌గిటిలి వెనకే ఉండిపోయింది.

ఎన్‌గిటిలి అంటే వానలు మొదలవగానే మూసి, ఎండాకాలంలో మేత కరువైనప్పుడు తెరిచే బీడు. కొన్ని కుటుంబాలవి, కొన్ని ఊరుమ్మడివి. ఉమ్మడి బీడు కట్టుబాట్లు దగషిడా అనే ఊరి సభవి, కాపలా సుంగుసుంగు అనే ఊరి దళానిది.

‘1986లో సర్కారు పెట్టిన హాషి నేల సంరక్షణ పథకం, నార్వే డబ్బు రాకపోతే ఈ బీళ్లలో అడవి తిరిగి పెరిగేదా?’ అని అడుగుతారు. సర్కారు పాత్ర లేదని నేననను. కానీ హాషి కూడా మొదట నర్సరీలు పెట్టి మొక్కలే నాటించింది. ఎన్‌గిటిలి వైపు తిరిగాకే పని సాగింది. 1986లో సుమారు 600 హెక్టార్లుండేవి. రెండు దశాబ్దాలు తిరగకముందే 3 లక్షలు దాటాయి. అంత నేలలో ఎవరు గుంతలు తవ్వారు? వేళ్లూ మోళ్లూ నేలలోనే ఉన్నాయి. అవి తలెత్తేదాకా మందను ఆపినవాడు కాపరే.

గారెట్ హార్డిన్ 1968 వ్యాసం చదివినవారు ఉమ్మడి నేల పాడవక తప్పదంటారు. హార్డిన్ ఊహించిన పచ్చికకు ఊరు లేదు, కట్టుబాటు లేదు. ఎలినార్ ఓస్ట్రమ్ 1990లో దానికి జవాబు రాసింది. మన అటవీ శిక్షణలో ఆ జవాబుకు దక్కాల్సినంత చోటు దక్కలేదని నా అభిప్రాయం. ఎన్‌గిటిలి వల్ల భూమీ పశువులూ ఉన్నవాడికే ఎక్కువ దక్కుతుందన్నది మాత్రం బలమైన ఆక్షేపణ. అందుకు మందు ఊరుమ్మడి బీళ్లను పెంచడం. పేద కాపరిని వెళ్లగొడితే ఆ అన్యాయం రెట్టింపవుతుంది.

అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల మేత పోరంబోకుల చరిత్ర ఇప్పుడు నేను రాస్తున్నది ఇందుకే. పాత రెవెన్యూ రిజిస్టరు ఆర్‌.ఎస్‌.ఆర్‌.లో మేత పోరంబోకుగా ఉన్న సర్వే నంబరు తరవాత డి-పట్టాగానో, నీలగిరి తోటగానో, సోలార్ పలకలుగానో తేలుతుంది. ఇలాంటి ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలను ఆదేశించింది. కానీ ఆ నేలను ఏ నెలలో మూసేవారు, ఎవరు తెరిచేవారు, తప్పు చేసినవాడి మీద ఎంత జరిమానా వేసేవారు అన్నది రెవెన్యూ దస్తరాల్లో ఉండదు. అది కురుబ, గొల్ల ముసలివాళ్లు చెప్పాలి.

మీ ఇళ్లలో పాత అడంగళ్లు, పంచాయతీ తీర్మానాలు, మేపు వేలం కాగితాలు ఉంటే నకళ్లు నాకు పంపండి. ఊళ్లో మందలు మేపిన పెద్దలుంటే, ఈ ఎండాకాలంలోపే నన్ను వాళ్ల దగ్గరికి తీసుకువెళ్లండి.